కాలవ గట్టు మీద కదిరికి రెండు సైకిళ్ళు

ధర్మవరం నుంచి మేం బయలుదేరేటప్పటికి ఉదయం అయిదున్నర. ఎండలు ముదురుతున్న రోజులు కాబట్టి పొద్దు ఎక్కకముందే కొత్తచెరువు చేరాలని లెక్క. నా సైకిలు హ్యాండిల్‌కు కుడివైపున గుండ్రటి అద్దం బిగించుకున్నాను. వెనక క్యారియర్ మీద బట్టల సంచి, ముందు బుట్టలో నీళ్ళ సీసాలు, వేరుశనగ ఉండలు. మా ఆయన రమేశ్ గడప దిగి వచ్చి రెండు చక్రాలూ వేళ్ళతో నొక్కి చూశాడు, బ్రేకులు పట్టి చూశాడు. మాట్లాడాల్సిందంతా అంతకుముందు రెండు నెలల్లో అయిపోయింది.

నాకు కుడి చెవి వినిపించదు. రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి తగ్గిన వారానికి ఆ పక్కన శబ్దం పూర్తిగా ఆగిపోయింది. నరం దెబ్బతిన్నదని, ఇక రాదని అనంతపురంలో డాక్టరు చెప్పాడు. ఒక చెవితో మాటలు వినొచ్చు, పిల్లలకు పాఠం చెప్పొచ్చు, ఫోన్ మాట్లాడొచ్చు. పోయేది దిక్కు. ఏ శబ్దమైనా నాకు ఎడమ పక్క నుంచే వచ్చినట్టు ఉంటుంది. ఈ సంగతి డాక్టరు కంటే రోడ్డే నాకు బాగా నేర్పింది.

ఊరి బయట ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఎన్నో ఏళ్ళుగా సైకిల్లోనే వెళ్తున్నాను. మొన్న చలికాలంలో వెనక నుంచి ఒక మోటారుసైకిలు హారన్ కొట్టింది. ఎడమ నుంచి వస్తోందనుకుని నేను కుడికి జరిగాను. అది వస్తున్నది కుడి నుంచే. హ్యాండిల్ తగిలి పడ్డాను. మోచేయి గీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. కానీ నేను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. మా ఆయన ఆ సాయంత్రమే సైకిలు ఎత్తి మగ్గాల గదిలో గోడ కొక్కేనికి తగిలించేశాడు.

"ఇంక ఆటోలో పో. నాకు భయమైతాంది," అన్నాడు.

ఆటో నిండేదాకా కదలదు. దాని కోసం కాచుకోవడం, డ్రైవరును బతిమాలడం, రోజూ ఆలస్యంగా పోయి హెడ్మాస్టరు ముందు నిలబడటం. చెవి పోయిన రోజు కంటే ఆ రోజుల్లోనే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది. చివరికి ఒక రాత్రి అన్నం దగ్గర నేనే ఒక మాట పెట్టాను. కదిరి తేరు పండగకు జనం నడిచిపోయే కాలవ గట్టు దారిలో, అంత గుంపులో, సైకిలు మీద పోయొస్తాను. ఎవరికీ దెబ్బ తగలకుండా తిరిగొస్తే బడికి మళ్ళీ సైకిల్లోనే పోతాను. తగిలితే సైకిలు నేనే అమ్మేస్తాను.

ఆయన చెయ్యి కడుక్కొచ్చి, "అక్క జతలో వస్తే పో," అన్నాడు.

అక్క అంటే ఆయన అక్క, మా సుశీల వదిన. మా పక్క వీధిలోనే ఉంటుంది, రవికెలు కుడుతుంది. చిన్నప్పటి నుంచీ సైకిలు తొక్కుతున్న మనిషి. యాభై దాటినా నాకంటే వేగంగా తొక్కుతుంది. ఆమె వస్తోందని వీధి మొదట్లోనే తెలిసిపోతుంది, ఎందుకంటే గంట మీద నుంచి బొటనవేలు తీయదు. అడగ్గానే ఒప్పుకుంది. "తేరు చూసినట్టూ ఉంటాది, వాని నోరు మూయించినట్టూ ఉంటాది," అంది.

మొదటి రోజు చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. కొత్తచెరువు దాకా తారు రోడ్డు. ఆ వేళకు పాల బండ్లు, కూరగాయల ఆటోలు తప్ప రద్దీ లేదు. వదిన ముందు, నేను వెనక. ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండు సైకిళ్ళంత ఎడం. ఎవరు ఆగాలన్నా కుడి చెయ్యి పైకెత్తాలి. ఇది మేం ఇంట్లోనే అనుకున్న ఒప్పందం. నాకు అరుపులు దిక్కు తెలియకుండా వినిపిస్తాయి కాబట్టి చేతి సైగే నయం. రోడ్డుకు రెండు పక్కలా వేరుశనగ పీకేసిన చేలు ఎర్రగా, బోసిగా ఉన్నాయి. గుట్టల కింద అక్కడక్కడా మోదుగ చెట్లు పూసి ఉన్నాయి.

కొత్తచెరువులో ఒక చిన్న హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. హోటలాయన మా సైకిళ్ళ వైపు, మా వైపు మార్చి మార్చి చూశాడు.

"యాడికక్కా?"

"కదిరికి," అంది వదిన.

"బస్సులు లేవా?"

"ఉండాయి."

"మరి?"

"మాకు కాళ్ళు గూడా ఉండాయి గదప్పా," అంది వదిన. ఆయన నవ్వి, అడగకుండానే ఇంకో రెండు బజ్జీలు తెచ్చి మా పళ్ళేల్లో వేశాడు.

బుక్కపట్నం చెరువు కట్ట దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. చింతపండు కాలం కావడంతో రోడ్డు పక్క చెట్లెక్కి కాయలు దులుపుతున్నారు. కింద ఆడవాళ్ళు ఏరి గోతాలకెత్తుతున్నారు. ఆ నీడలోనే మేమూ పడుకున్నాం. ఎవరైనా ఈ దారిన రావాలనుకుంటే పదకొండు నుంచి మూడున్నర దాకా సైకిలు ముట్టుకోవద్దని నా సలహా. నీళ్ళు ఎంత తాగినా చాలవు. చల్లబడ్డాక కదిలి, దీపాలు పెట్టే వేళకు నల్లమాడ చేరాం. అక్కడ ఒక గుడి సత్రంలో నడిచి పోయేవాళ్ళకు వరండాలో చోటిస్తున్నారు. మాకూ ఇచ్చారు. రాగి సంగటి, వేరుశనగ ఊరిబిండి పచ్చడి పెట్టారు. వదిన రెండు ముద్దలు తిని, నేను ఒకటే తిన్నానని కోప్పడి, పడుకోగానే నిద్రపోయింది. నేను వినిపించే చెవిని దిండుకు ఆనించి పడుకున్నాను. ఒక చెవి పోవడంలో ఉన్న లాభం అదొక్కటే. ఎంత గోలలోనైనా నిద్రపోవచ్చు.

మర్నాడు తెల్లారుతుండగా కాలవ గట్టు ఎక్కాం.

ఈ గట్టు గురించి కాస్త చెప్పాలి. పెద్ద రోడ్డు మీద లారీలు, బస్సులు ఆగకుండా పోతుంటాయి. అందుకని నడిచేవాళ్ళు ఈ దారి పడతారు. ఒక ట్రాక్టరు పట్టేంత వెడల్పు. కదిరి వైపు పోతుంటే ఎడమ పక్క కాలవ, నున్నటి సిమెంటు వాలు, అడుగున నీళ్ళు. కుడి పక్క కంప చెట్లు. పిట్టగోడ గానీ కమ్మీ గానీ ఏమీ లేదు. మామూలు రోజుల్లో గొర్రెల కాపర్లు, పొలాలకు పోయేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరట. ఆ రోజు మాత్రం ఊళ్ళకు ఊళ్ళే నడుస్తున్నట్టుంది. పసుపు బట్టలు కట్టుకుని వట్టికాళ్ళతో పోయే గుంపులు, మైకు కట్టిన ట్రాక్టరు, చంకలో పిల్లలతో తల్లులు, వాళ్ళ మధ్య నుంచి దూరిపోయే మోటారుసైకిళ్ళు, కదిరి దాకా మేత వెతుక్కుంటూ పోతున్న ఒక గొర్రెల మంద. అందరూ ఒకే దారి మీద.

అక్కడ సైకిలు తొక్కడం ధర్మవరం బజారులో తొక్కడం లాంటిది కాదు. బజారులో మనుషులు బండ్లు వస్తాయని ఎదురు చూస్తుంటారు. ఇక్కడ నడిచేవాళ్ళ మనసు దేవుడి మీదో, కాళ్ళ బొబ్బల మీదో, పక్కవాళ్ళ కబుర్ల మీదో ఉంటుంది. దారి వాళ్ళది. మనమే తర్వాత వచ్చినవాళ్ళం. నాకు తొందరగానే కొన్ని సంగతులు అర్థమయ్యాయి. ముందున్న మనిషి తలను కాదు, భుజాలను చూడాలి. పక్కకు తిరగబోయే మనిషికి ముందు భుజం కదులుతుంది. చిన్నపిల్ల ఒక పక్క, తల్లి ఇంకో పక్క ఉంటే ఆ మధ్యలోంచి పోకూడదు, పిల్ల ఏ క్షణమైనా తల్లి దగ్గరికి పరుగెత్తుతుంది. గుంపు చిక్కగా ఉన్న చోట దిగి నడిపించడం మంచిది. కాలవ పక్కన ఎవరినీ దాటకూడదు, ఎవరైనా ఉలిక్కిపడి జరిగితే పోయేది నీళ్ళలోకే.

గంట విషయం వేరు. గంట మోగితే ఎవరో వస్తున్నారని తెలుస్తుంది, ఏ పక్క నుంచో తెలియదు. రెండు చెవులున్నవాళ్ళకైనా ఆ గోలలో అంతే. నేను రోజూ పడే అవస్థ అక్కడ అందరిదీ అయింది. అందుకని గంట మానేసి నోటితో చెప్పడం మొదలుపెట్టాను. "అక్కా, నీ కుడిపక్కన పోతాండా." "అన్నా, కొంచెం దారి." వాళ్ళు తిరిగి చూసి, నవ్వి, జరిగేవాళ్ళు. ఒకామె "పోమ్మా, పో. తేరు కాడ మా పేరు గూడా చెప్పు," అంది.

ఇట్లా పోతే వేగం ఏముంటుంది? వదినకు విసుగొచ్చింది.

"అందరికీ చెప్పుకుంటా నువ్వు పోయేసరికి తేరు తిరిగి గుడికాడికి పోయుంటాది," అంది.

"పోనీలే వదినా, తేరు రేపు గదా."

"నాకు చేతకాదే పద్మా, ఈ నడక," అని ఆమె గంట మోగిస్తూ ముందుకు పోయింది. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. అట్లా నాలుగైదు గుంపులు దాటింది. ఆమె చేతిలో సైకిలు చేపలా తిరుగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఎనిమిది దాటింది. నీళ్ళ కోసం ఆగిన వదినను అందుకుని మళ్ళీ ఆమె వెనకే పోతున్నాను. మా ముందు ఒక ముసలి జంట నడుస్తోంది. ఆమె ముందు, ఆయన వెనక. ఇద్దరి మధ్య ఒక తువ్వాలు. ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస ఆయన చేతిలో. ఆయన నడక చూడగానే నాకు అర్థమైంది, కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తున్నాడు. వదినకు ఆ తువ్వాలు కనిపించలేదు. లేకపోతే కనిపించినా పట్టించుకోలేదు. గంట గట్టిగా, ఆపకుండా కొట్టింది.

ముసలామె ఉలిక్కిపడి కుడికి తిరిగింది. ఆయన ఎడమకు జరిగాడు. తువ్వాలు దారికి అడ్డంగా తాడులా బిగుసుకుంది.

వదిన సైకిలు ముందు చక్రం దానికి తగిలింది. ఆమె హ్యాండిల్ మీదుగా ఎగిరి, ఎడమ చెయ్యి ఊతగా ముందుకు పడింది. తువ్వాలు లాగడంతో ముసలాయన గిరుక్కున తిరిగి గట్టు అంచున కూలబడ్డాడు. ఒక కాలు సిమెంటు వాలు మీదికి జారింది. నేను అప్పటికే కుడి చెయ్యి పైకెత్తి బ్రేకు పట్టాను. ఎందుకు ఎత్తానో ఆ నిమిషంలో నాకే తెలియదు, రెండు రోజుల అలవాటు అంతే. నా వెనకే వస్తున్న మోటారుసైకిలు ఆ చెయ్యి చూసి ఆగిందని తర్వాత తెలిసింది. నేను సైకిలు వదిలేసి పరుగెత్తి ఆయన చొక్కా వీపు దగ్గర పట్టుకున్నాను. బరువు నన్నూ లాగింది. మోకాళ్ళు నేలకు ఆనించి గట్టిగా పట్టుకున్నాను. మోటారుసైకిలు దిగిన కుర్రాడు, ఇంకెవరో వచ్చి ఆయన్ను పైకి లాగారు.

చుట్టూ జనం మూగారు. వదిన లేచి కూర్చుంది. నొప్పితో, కోపంతో ఆమె ముఖం ఎర్రబడింది.

"గంట కొడతానే ఉండా గదా! కండ్లు కనపడవా?" అని అరిచింది.

ముసలాయన మట్టి దులుపుకుంటూ, గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు. "నాకు కనపడవు తల్లీ," అన్నాడు. "నీకు?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ముసలామె మాత్రం ఊరుకోలేదు. "పండగ పూట మా ఆయన్ను కాలవలో తోయాలని వచ్చినావా? సైకిలుంటే చాలునా? మనిషి ఉండాడో లేదో చూసుకోని పోవల్ల!" అని ఏడుస్తూ తిట్టింది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని తప్పయిందని చెప్పాను. చెప్పాల్సింది నేను కాదు. కానీ ఎవరో ఒకరు చెప్పాలి.

ఆయన పేరు ఓబులప్ప, ఆమె ఆదెమ్మ. నల్లమాడ దగ్గరి పల్లె. గొర్రెలు మేపుకుని బతికారు. చాలా ఏళ్ళ కిందటే ఆయనకు చూపు పోయింది. తేరు మీద మిరియాలు చల్లుతానని మొక్కుకుని నడిచి వస్తున్నారు. ఇప్పుడు ఆయన చీలమండ బెణికి వాచిపోతోంది. వదిన ఎడమ మణికట్టు అంతకంటే ఎక్కువగా వాచింది, వేళ్ళు కదపలేకపోతోంది. ఆ గట్టు మీదికి ఆటో రావాలంటే చాలా దూరం ముందుకు పోవాలి. మోటారుసైకిలు కుర్రాడు ఓబులప్పను ఎక్కించుకుంటానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు.

"ఈ గుంపులో బండెక్కితే ఈసారి నిజంగానే కాలవలో ఉంటా. ఈ పాప సైకిలు నిదానంగా వస్తాంది, దాని మీద కూచుంటా," అన్నాడు.

అట్లా మా కొత్త ప్రయాణం మొదలైంది. నా క్యారియర్ మీది సంచి వదిన సైకిలుకు మార్చి, ఓబులప్పను ఎక్కించాను. బక్కమనిషి. ఒక చేత్తో సీటు పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి నా భుజం మీద వేశాడు. నేను హ్యాండిల్ పట్టుకుని నడిపిస్తున్నాను. ఆ తువ్వాలే వదిన మెడకు కట్టి చెయ్యి అందులో పెట్టాం. ఆమె సైకిలు ఆదెమ్మ తోసుకొస్తోంది. ఆదెమ్మ జన్మలో సైకిలు పట్టుకోలేదు. మొదట అది కంప చెట్లలోకి పోయింది, తర్వాత ఆమె మాట వింది. కాసేపటికి ఆమె బొటనవేలు గంటను కనుక్కుంది. ఒకసారి మోగించింది. ఇంకోసారి మోగించింది. కోపం కొంచెం తగ్గినట్టుంది.

"ఇదేదో బాగుండాదే!" అంది.

"కొట్టొద్దు పెద్దమ్మా," అంది వదిన నీరసంగా. "జనం బెదురుతారు."

నేను తల తిప్పకుండా నడిచాను.

ఓబులప్ప ఏదో అడిగాడు, నాకు వినిపించలేదు. నా కుడి చెవి పనిచేయదని, ఎడమ పక్కకు వంగి మాట్లాడమని చెప్పాను. ఆయన ఎడమ పక్కకు వంగి, "అయితే వెనక నుంచి వచ్చేటివి నీకు తెల్దు," అన్నాడు.

"అద్దముండాది పెద్దాయనా. కానీ ఇప్పుడు అద్దంలో నువ్వే కనపడతాండావు."

"నేను చెప్తా పో."

ఆ తర్వాత దారంతా ఆయన నాకు చెవి, నేను ఆయనకు కన్ను. "కుడిపక్క బండి." "ఎడమ పక్క ఆడోళ్ళు, గాజుల సప్పుడు." నేను "గుంత వస్తాంది, పట్టుకో" అనేదాన్ని. అన్నీ ఆయన సరిగ్గా చెప్పాడని అనను. ఒకసారి ఆటో అన్నాడు, చూస్తే ట్రాక్టరు. గొర్రెలు వెనక వస్తున్నాయన్నాడు, అవి ముందున్నాయి. "ముసలి చెవులు గదమ్మా," అని తనే నవ్వుకున్నాడు. కానీ ఒక మలుపు దగ్గర ఆయన వేళ్ళు నా భుజాన్ని గట్టిగా నొక్కాయి. "ఆగు! కుడిపక్క, బిరీన వస్తాండాడు!" నేను ఆగిపోయాను. ఇద్దరు ఎక్కిన మోటారుసైకిలు మమ్మల్ని గీసుకున్నట్టు దూసుకుపోయింది. దాన్ని తప్పించుకోవడానికి నేను నా అలవాటు ప్రకారం కుడికి జరిగి ఉంటే ఏమై ఉండేదో ఆలోచించలేదు. ఆలోచించే తీరిక లేదు.

దారిలో మజ్జిగ పందిళ్ళు ఉన్నాయి. ప్రతి పందిరి దగ్గరా ఆగాం. వదిన ఒకచోట మజ్జిగ గ్లాసు కుడి చేత్తో పట్టుకుని, ముందు ఓబులప్ప చేతికిచ్చింది.

కదిరి చేరేసరికి రెండు దాటింది. ఊళ్ళో ఆటో దొరికింది. ఆసుపత్రిలో ఓబులప్పకు బెణుకే అన్నారు, కట్టు కట్టారు. వదిన మణికట్టు ఎముక చిట్లింది. పిండికట్టు వేస్తూ డాక్టరు ఎట్లా జరిగిందని అడిగాడు.

"ఆ ముసలోళ్ళు అడ్డమొచ్చినారు సార్," అంది వదిన.

నేను ఆమె ముఖం చూశాను. ఆమె గోడ చూసింది.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మా ఆయనకు ఫోన్ చేశాను. దాచిపెట్టే పని కాదు. అంతా విన్నాక ఆయన, "నేను చెప్పలేదా?" అన్నాడు.

"నువ్వు చెప్పింది నా గురించి. పడింది అక్క."

"ఎవురికీ దెబ్బ తగలకుండా అని గదా నువ్వన్న మాట?"

అదీ నిజమే. ఆ మాట నాదే. ఇద్దరికి దెబ్బ తగిలింది. నా వల్ల కాదని వాదించవచ్చు, కానీ మాట మాటే.

"మాట ప్రకారం నేను ఓడిపోయినట్టే," అన్నాను. "కానీ సైకిలు అమ్మను. బడికి దాంట్లోనే పోతా. నువ్వు కోపం చేసుకున్నా సరే, ఈ సంగతి ముందే చెప్తాండా."

ఆయన, "అక్కను జాగ్రత్తగా చూసుకో. తేరు చూసి రండి," అని పెట్టేశాడు. కోపమో, బాధో, గొంతును బట్టి తెలియలేదు.

లాడ్జీలన్నీ నిండిపోయాయి. తేరు రోజుల్లో కదిరిలో గది దొరుకుతుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. నడిచి వచ్చినవాళ్ళకు ఒక కల్యాణమండపంలో చాపలు పరిచారు. మేం నలుగురం అక్కడే ఉన్నాం. ఆదెమ్మ వదినకు సంగటి కలిపి పెట్టబోయింది. "నా కుడి చెయ్యి బాగానే ఉండాది పెద్దమ్మా," అంది వదిన. "ఉంటే ఉండనీ, తిను," అంది ఆదెమ్మ.

మర్నాడు తేరు వీధికి సైకిళ్ళు తీసుకుపోలేదు. అంత జనంలో సైకిలు తీసుకుపోవడం తెలివితక్కువ పని. సైకిళ్ళు మండపంలో తాళం వేసి, ఓబులప్పను చెరో పక్కా పట్టుకుని ఒక అంగడి అరుగు మీద నిలబెట్టాం. తేరు కదిలే ముందే ఆయన దాని మోకులు బిగించే చప్పుడు, జనం కేకలు వింటూ నిక్కి నిక్కి నిలబడుతున్నాడు. ఒంటి కాలి మీద బరువు మోపి నా చెయ్యి పట్టుకున్నాడు. తేరు దగ్గరికి వచ్చేసరికి దవనం వాసన, గాలిలో మిరియాల ఘాటు. చుట్టూ అందరూ తుమ్ముతున్నారు.

"ఎంత ఎత్తుండాది? యా పక్కకు ఇసిరల్ల?" అని ఆయన నా ఎడమ చెవిలో అరిచాడు.

నేను ఆయన మోచెయ్యి పట్టి దిక్కు చూపించాను. "ఇప్పుడు!" అన్నాను. ఆయన పిడికెడు మిరియాలు బలంగా విసిరాడు. సగం తేరు మీద పడ్డాయి, సగం ముందు నిలబడిన ఒక పోలీసాయన టోపీ మీద పడ్డాయి. ఆయన వెనక్కి తిరిగి చూసి, ఓబులప్పను చూసి, దండం పెట్టి మళ్ళీ ముందుకు తిరిగాడు.

"పడినాయా?" అన్నాడు ఓబులప్ప.

"పడినాయి."

ఆయన ఏడ్చాడు. ఆదెమ్మ కొంగుతో ఆయన ముఖం తుడిచింది. వాళ్ళ ఊరి ట్రాక్టరొకటి వెనక్కి పోతుంటే అందులో ఇద్దరినీ ఎక్కించాం. వదిన పరుగున పోయి ఆదెమ్మ చేతిలో ఒక మల్లెపూల పొట్లం, కుంకుమ పెట్టింది. అక్కడ ఆమె ఏదో మాట్లాడింది. నేను దూరంగా ఉన్నాను, వినిపించలేదు. ఆదెమ్మ ఆమె పిండికట్టు మీద చెయ్యి వేసి నిమరడం మాత్రం చూశాను.

మధ్యాహ్నం ధర్మవరం రైలెక్కాం. సైకిళ్ళు సామాన్ల పెట్టెలో వేయించాలి, దానికి వేరే రసీదు రాస్తారు. కాబట్టి స్టేషన్‌కు ముందుగానే పోవాలి. పండగ జనంతో రైలు కిక్కిరిసి ఉంది. వదిన కట్టు చూసి ఎవరో కిటికీ పక్క చోటిచ్చారు. నేను ఆమె కుడి పక్కన కూర్చున్నాను, నా ఎడమ చెవి ఆమె వైపు ఉండేట్టు. రైలు కదిలాక ఎర్ర చేలు, రాతి గుట్టలు, ఎండిన వంకలు వెనక్కి పోసాగాయి. ఇట్లాంటి దారిలో పోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది చాలా తక్కువ. అద్దం పెట్టుకోండి, నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి, తొందర ఉంటే మాత్రం బస్సులో పొండి. నా మటుకు నేను తొక్కిన దూరం కంటే సైకిలు నడిపించిన దూరమే ఎక్కువ గుర్తుంది. అన్ని వందలమంది పక్క నుంచి, ఒక్కొక్కరికీ చెప్పి, వాళ్ళ ముఖం చూసి దాటాను. బస్సులో పోయుంటే ఒక్కరినీ చూసి ఉండేదాన్ని కాదు.

ఎదురు సీట్లో ముదిగుబ్బలో దిగాల్సిన ఒకామె వదినను పలకరించింది. "ఏమమ్మా, చెయ్యి ఎట్ల విరిగింది? ఎవురన్నా గుద్దినారా?"

వదిన కిటికీ వైపు నుంచి ముఖం తిప్పింది.

"నేనే పోయి గుద్దినా," అంది. "వాళ్ళ పాటికి వాళ్ళు నడుస్తాండ్రి. ఆయప్పకు కండ్లు లేవు. నేను గంట కొట్టినా, కొడితే చాలు అనుకున్నా. ఈమె నా వెనకనే ఉన్నింది. ఈమె ఆగింది కాబట్టి ఆయప్ప బతికినాడు. నేను గూడా."

ఎదురావిడ నన్ను చూసి తలాడించింది. నేను సీసా మూత తీసి నీళ్ళు తాగాను. అప్పటిదాకా వదిన నోట 'తప్పు నాది' అనే మాట నేను వినలేదు. మా పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా.

ఆమె ఫోన్ తీసి తమ్ముడికి కలిపింది. రైలు చప్పుడులో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది, పెట్టెలో సగం మంది విన్నారు.

"రేయ్ రమేశా, స్టేషన్‌కు రా. బండి తేవద్దు, నడిచి రా. రెండు సైకిళ్ళుండాయి. నాది నువ్వు తొక్కుకోని రా, నేను ఆటోలో వస్తా. పద్మది పద్మ తొక్కుతాది."

అవతల ఆయన ఏదో అన్నాడు. వదిన విని, ఫోన్ నా ఎడమ చెవికి ఆనించింది.

"సోమవారం బడికి సైకిల్లో ఎన్ని గంటలకు పోతావు?" అని అడుగుతున్నాడు మా ఆయన.